తెల్ల గోడ మీద పసుపు

అత్త వాంతి చేసుకున్న బేసిన్ కడగడం ఆ ఉదయానికి అది నాలుగోసారి. కడుపులో ఏమీ లేకపోయినా ఏదో ఒకటి వస్తూనే ఉంది, ఆకుపచ్చగా, జిగటగా. ముక్కు మూసుకుని నోటితో గాలి పీలుస్తూ కడిగాను. అలా చేస్తే ఆ వాసన నాలుక మీదికొచ్చి కూర్చుంటుందని ఎవరూ ముందే చెప్పరు.

"పెయింటు వాసనే ఇదంతా," అంది అత్త మంచం మీద నుంచి. "ఆ పనికిమాలిన పెయింటు. పేగులు బయటికొచ్చేట్టున్నాయి."

"పెయింటు వేసి పదిహేను రోజులైంది అత్తా. ఇప్పుడా గోడ నాకన్నా శుభ్రంగా ఉంది."

"నీకు ముక్కెక్కడిదే? కంప్యూటరువి."

అత్త అంటే మా నాన్న అక్క. నన్ను పన్నెండేళ్లప్పటి నుంచి పెంచింది. కాలేజీలో కంప్యూటర్లు చదివినందుకు నాకు దక్కిన ముద్దుపేరు అది.

ఆవిడ ముప్పై ఏళ్లు పెయింట్ల షాపులో రంగులు కలిపింది. జనం విరిగిన తలుపు చెక్కో, కర్టెన్ ముక్కో పట్టుకొచ్చి "అచ్చం ఇదే కావాలి" అనేవాళ్లు. అత్త కళ్లు చిట్లించి చూసి, చుక్కలు లెక్కపెట్టి, అచ్చం అదే ఇచ్చేది. తర్వాత మెషీన్లు వచ్చాయి. మెషీన్ కలిపిన డబ్బాలో కూడా ఒక చుక్క వేసి సరిచేసేది. ఆ షాపులో ఒక పద్ధతి ఉండేది. రంగు తప్పిన డబ్బాని దాచకూడదు. ఎవరు కలిపారో వాళ్ల పేరు సుద్దముక్కతో డబ్బా మీద రాసి, గుమ్మంలో అందరికీ కనపడేట్టు పెట్టాలి. ముప్పై ఏళ్లలో అత్త పేరు రెండుసార్లే గుమ్మంలోకి ఎక్కింది. ఆ రెండూ నాకు కథలుగా చెప్పి పెంచింది.

నాలుగేళ్ల కిందట ఆవిడ గుండె నీరసపడింది. కాళ్లు వాచేవి, పడుకుంటే ఊపిరాడేది కాదు. డాక్టరు ఒంట్లో నీళ్లు లాగేసే మాత్ర ఒకటి, గుండె కాస్త గట్టిగా, నిదానంగా కొట్టుకోవడానికి డిగాక్సిన్ అనే చిన్న తెల్ల మాత్ర ఒకటి ఇచ్చాడు. బానే సాగింది. మూడు వారాల కిందట ఉన్నట్టుండి గుండె అడ్డదిడ్డంగా పరిగెత్తింది. మా డాక్టరు సెలవులో ఉన్నాడు. ఆయన స్థానంలో ఉన్న డాక్టరు పాత చీటీ వైపు చూడకుండానే లయ కుదరడానికి అమియోడరోన్ రాసిచ్చాడు.

లయ కుదిరింది. తిండే కుదరలేదు.

మొదట కాల్చిన బ్రెడ్డు మసిగుడ్డ కంపు కొడుతోందంది. తర్వాత గుడ్డు. తర్వాత పాలు. చివరికి నీళ్లు.

"నీళ్లకి కంపేంటి అత్తా?"

"తుప్పు కంపు. నువ్వే తాగి చావు."

నేను గిన్నెలు మార్చాను, సబ్బు మార్చాను, ఫ్రిజ్ మొత్తం కడిగాను. ఎవరి ముఖాన అయినా ప్లేటు చూడగానే అసహ్యం పుడితే, వండినవాళ్లకి ఎలా ఉంటుందో మాటల్లో చెప్పలేను. మూడో రోజుకి నా చేతులంటే నాకే రోత పుట్టింది. గది గోడలకి అప్పుడే తెల్ల రంగు వేయించాం కాబట్టి, నేరం మొత్తం దాని మీదికి తోసేసి ఇద్దరం కాస్త ఊపిరి పీల్చుకున్నాం.

పదకొండింటికి పెయింటరు వచ్చాడు. పొద్దున్నే అత్త ఫోన్లో అతన్ని కడిగి ఆరేసింది మరి. ఖాళీ డబ్బా చంకలో పెట్టుకుని, ముఖం మాడ్చుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏం తమ్ముడూ, ముసల్ది చూడదనుకున్నావా? తెల్ల రంగులో పసుపు కలిపావు."

"చుక్క కూడా కలపలేదక్కా. డబ్బా సీలు మీ ఎదురుగానే తీశాను."

"అయితే నా కళ్లు అబద్ధం చెప్తున్నాయా?"

"ఆ మాట నేననను. మీ చేతి కింద పనిచేసినవాణ్ణి, నాకా ధైర్యం లేదు."

జేబులోంచి రంగుల కార్డు తీసి, అందులో మొదటి గడిని గోడకి ఆనించి పట్టుకున్నాడు. కార్డులో అన్నిటికన్నా తెల్లని గడి అది. గోడలో కలిసిపోయింది.

"ఇదేం రంగక్కా?"

అత్త కళ్లు చిట్లించింది. "వెన్న రంగు. కొంచెం ముదురు."

పెయింటరు కార్డు దించలేదు. కోపం మాత్రం ముఖంలోంచి దిగిపోయింది.

"మరి ఈ దిండు గలీబు?"

"అదీ పసుపే. ఏమే, సరిగ్గా ఉతకడం కూడా రాదా నీకు? ఆ లైటు చుట్టూ పచ్చటి చక్రం ఏంటి? అదీ వీడి పనేనా?"

పెయింటరు నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అన్నాడు. "పాపా, అక్క కన్ను తప్పడం నేనెప్పుడూ చూళ్లేదు. ఇది గోడ జబ్బు కాదు."

నేను డాక్టర్ని కాదు. కానీ మందుల షాపుల్లో వాడే సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీలో పనిచేస్తాను. ఏ మందుతో ఏ మందు పడదో హెచ్చరించే భాగం నాది. పడని మందైతే షాపు కంప్యూటరే చెప్తుందని కొత్త చీటీ నేను చదవలేదు. డిగాక్సిన్ వరసలో ఏముంటుందో మాత్రం నా వేళ్లకి తెలుసు, టైప్ చేసింది అవే. ఒంట్లో మోతాదు మించితే వికారం, తిండి మీద అసహ్యం, నాడి నెమ్మదించడం, చూపులో పసుపు.

అత్త మణికట్టు పట్టుకుని ఫోన్లో నిమిషం చూస్తూ లెక్కపెట్టాను. ముప్పై తొమ్మిది.

"ఏంటే, చేయి విరిచేస్తావా?"

"మాట్లాడకు అత్తా."

అంబులెన్సుకి ఫోన్ చేస్తే పది నిమిషాలన్నారు. పెయింటర్ని అత్త పక్కన కూర్చోబెట్టి, ఏ మాత్ర ఎంత మోతాదులో ఇచ్చారో కాగితం తేవడానికి కింద ఉన్న మందుల షాపుకి పరిగెత్తాను.

షాపాయన నన్ను చూసి నవ్వాడు. "రామ్మా. అత్తయ్య ఎలా ఉన్నారు?"

"రెండు గుండె మాత్రలూ కలిపి ఇచ్చారు. హెచ్చరిక చూపే ఎర్ర డబ్బా రాలేదా స్క్రీన్ మీద?"

"ఏమీ రాలేదమ్మా. ఈమధ్య మీ సాఫ్ట్‌వేర్ భలే ఉంది. గోలే లేదు."

అతని కీబోర్డులో ఎఫ్9 అనే మీట ఒక్కటే అరిగి, వేలి జిడ్డుతో నిగనిగలాడుతోంది. హెచ్చరికని 'చూశాను' అని మూసే మీట అది. నేను అతని భుజం మీదుగా వంగి, మా కంపెనీవాళ్లకి మాత్రమే తెలిసిన పేజీ తెరిచాను. అత్తకి మాత్రలు అమ్మిన తేదీ. దాని పక్కన ఒక్క వరస.

డిగాక్సిన్, అమియోడరోన్. హెచ్చరిక చూపలేదు. కారణం: శాంతి మోడ్.

ఆ వరసని రెండుసార్లు చదివాను.

శాంతి మోడ్ నాది. ఆరు నెలల కిందట షాపులవాళ్లంతా మా మీద పడి ఏడ్చారు. ప్రతిదానికీ ఎర్ర డబ్బాలే, బిల్లు ముందుకు కదలడం లేదని. మా బాసుని అందరం స్మూత్ సార్ అంటాం. అన్నీ స్మూత్‌గా పోవాలంటాడు, మనుషులు కూడా. నేను ఒక తెలివైన పని చేశాను. ఒక షాపులో ఒకే హెచ్చరికని పదిసార్లు మూసేస్తే, వాళ్లకది తెలిసిన సంగతేనని లెక్కవేసి, ఇక ఆ షాపులో ఎప్పటికీ చూపకుండా చేశాను. ఆ పదిసార్లూ ఎవరికోసం మూశారు, పదకొండోసారి వచ్చేదెవరు అని అడగలేదు. ఇక్కడ మూసిన ఆ పదిమందిలో అత్త లేదు. మీట నొక్కిన వేలు కూడా స్క్రీన్‌ని చూడలేదు. ఆఫీసులో కేకు కోశారు. క్రీము తియ్యగా, జిడ్డుగా ఉంది. నేను రెండు ముక్కలు తిన్నాను.

"ఏమైందమ్మా? నీళ్లు తాగుతావా?" అన్నాడు షాపాయన.

"వద్దు," అని మోతాదుల కాగితం ప్రింటు తీసుకుని పైకి పరిగెత్తాను.

ఆసుపత్రిలో ఆ చిన్న తెల్ల మాత్ర ఆపేశారు. రక్తంలో అది ఉండాల్సినదానికి రెట్టింపు మించి ఉంది. ఛాతీకి వైర్లు అంటించి, సెలైన్ పెట్టి, గంటగంటకీ చూశారు. డాక్టరమ్మ నాకన్నా రెండు మూడేళ్లు పెద్దదేమో.

"కొత్త మాత్ర పాతదాన్ని ఒంట్లోంచి బయటికి పోనివ్వదు," అంది. "కొత్తది మొదలుపెట్టిన రోజే పాతదాన్ని సగం చేసి ఉండాలి. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే నేనేం మాటివ్వలేకపోయేదాన్ని. మందుల షాపులో కూడా ఎవరూ చెప్పలేదా?"

"చెప్పకుండా ఏర్పాటు చేశారండీ," అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు.

మర్నాడు మధ్యాహ్నం అత్త మంచం పక్క నుంచే స్మూత్ సార్‌కి ఫోన్ చేసి మొత్తం చెప్పాను.

"అయ్యో, ఆంటీ జాగ్రత్త," అన్నాడు. రెండు క్షణాలు ఆగాడు, మర్యాద కోసం. "కానీ చూడు, పదిసార్లు నొక్కింది వాళ్లు. మన తప్పు కాదు. వచ్చే నెల మీటింగులో స్మూత్‌గా మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఎక్కడా రాయకు."

అతని గొంతు ఫోన్లోంచి చెవిలోకి నూనె పోసినట్టు దిగింది. ఫోన్‌ని చున్నీకేసి తుడిచాను.

అత్త కళ్లు మూసుకుని ఉంది కానీ నిద్రపోలేదు.

"ఎవడే వాడు?"

"మా బాసు."

"షాపువాడిదేనా తప్పు? వాణ్ణి నేను లేచాక చూసుకుంటా."

నేను బేసిన్ అంచు పట్టుకుని కూర్చున్నాను. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. షాపాయన తిట్లు తింటాడు, పెయింటరు ఎలాగూ తిన్నాడు, నేను మంచి మేనకోడలిగా బేసిన్లు కడుగుతూ ఉంటాను. ఆ బొమ్మ ఊహించుకుంటే నా మీద నాకు ఉమ్మెయ్యాలనిపించింది.

"నాది అత్తా," అన్నాను. "షాపులో హెచ్చరిక రావాలి. అది రాకుండా చేసింది నేనే. చేసినందుకు కేకు కూడా తిన్నాను."

అత్త కళ్లు తెరిచింది. చాలాసేపు నన్నే చూసింది, రంగు తేల్చుకుంటున్నట్టు.

"ఎన్ని షాపుల్లో ఉందది?"

"తొమ్మిది వందలు."

"అన్నిట్లో ఇంకా అలాగే ఉందా?"

"ఉంది."

"మరి నా ముఖం చూస్తూ కూర్చున్నావేం? డబ్బా గుమ్మంలో పెట్టు."

ల్యాప్‌టాప్ తీశాను. శాంతి మోడ్ తాళం నా దగ్గరే ఉంది, కేకు కోసిన రోజే ఇచ్చారు. తొమ్మిది వందల షాపుల్లోనూ ఆపేశాను. నోరు మూయించిన హెచ్చరికలన్నీ మళ్లీ తెరిచాను. ప్రతి స్క్రీన్ మీదా వచ్చేట్టు ఎర్ర డబ్బాలో రాశాను: ఆరు నెలలుగా ఈ కంప్యూటరు కొన్ని హెచ్చరికలు మీకు చూపలేదు. ఏ మందులు, ఎవరికి అమ్మారు అన్న జాబితా కింద ఉంది. ఈరోజే వాళ్లకి ఫోన్ చేయండి. దీన్ని తయారుచేసింది నేను. కింద నా పేరు, ఫోన్ నంబరు. ఆ డబ్బా ఎఫ్9కి మూసుకోదు. చదివి, జాబితా పూర్తి చేస్తేనే పోతుంది.

పావుగంటలో స్మూత్ సార్ ఫోన్ ఏడుసార్లు మోగింది. ఎనిమిదోది ఎవరిదో కొత్త నంబరు. ఏదో షాపు. ఎత్తాను. జాబితాలో ముగ్గురున్నారు, అందులో ఒకాయన వారం నుంచి తిండి తినడం లేదట, ఏం చేయమంటారు అని అడిగింది ఒకావిడ. వెంటనే ఆసుపత్రికి పంపమన్నాను.

నాలుగో రోజు అత్త ఆసుపత్రి గోడ వైపు చూసి "ఇది తెలుపే, కానీ చవకరకం," అంది. నర్సు ట్రే తెచ్చింది. ఉడకబెట్టిన కూరగాయలు, రెండు బ్రెడ్డు ముక్కలు. అత్త ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. నేను అలవాటుగా బేసిన్ అందుకున్నాను.

నమిలింది. మింగింది.

"థూ. ఉప్పు లేదు."

"గుండెకి ఉప్పు పడదు అత్తా. ఎప్పటికీ ఉండదు."

"రోత తిండి," అని ఇంకో ముక్క తీసుకుంది. "ఫోన్ మోగుతోంది, ఎత్తు."