గవ్వలకు అడ్డం నిలబడ్డదాన్ని

నేను ఒక అట్ట తెరను. నాలుగు రెక్కలు, మధ్యలో గుడ్డ అతుకులు, జానెడున్నర ఎత్తు. బల్ల మీద నిలబెడితే అటు కూర్చున్నవాళ్ళకు ఇటు జరిగేది కనబడదు. అదే నా ఉద్యోగం. తొమ్మిదేళ్ళు చేశాను. ఒక్క రహస్యం బయటికి పొక్కనివ్వలేదు. నోరు లేనిదానివి, దాచక ఏం చేస్తావంటారేమో. నోరున్నవాళ్ళ నిర్వాకమేమిటో కూడా ఇప్పుడు చెబుతాను, వినండి.

నన్ను చేసింది సత్యవేణి. విశాఖపట్నంలో ఒక కాలేజీ లైబ్రరీలో చిరిగిన పుస్తకాలకు బైండింగు చేస్తుంది. మిగిలిపోయిన అట్టముక్కలు తెచ్చుకుని, మైదా జిగురు కాచి, కంచరపాలెంలో తన మేడమీద గదిలో నన్ను అతికించింది. పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలిపింది. ఆ విషం ఇప్పటికీ నాలో ఉంది. నాకు పగ ఎక్కడిదని మీరు అడగక్కరలేదు.

ఆదివారాల్లో ఆ గదిలో చేరే నలుగురూ తమ ఆటను కతాట అనేవారు. సత్యవేణి కథ చెబుతుంది. మిగతా ముగ్గురూ ఆ కథలో తలా ఒక మనిషి. "నీ ముందు వంతెన విరిగిపోయింది, ఏం చేస్తావు?" అంటుంది. వాళ్ళు ఏం చేస్తామంటే కథ అటు తిరుగుతుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం గవ్వలు. నా చాటున సత్యవేణి ఏడు గవ్వలు వేస్తుంది. నాలుగైనా వెల్లకిలా పడాలి. అంతకు తక్కువైతే ఆ మనిషి ఆయువు మూడినట్టే. చచ్చినవాడు తన పాత్ర వివరాలు రాసుకున్న కాగితం చించేసి గదిలోంచి వెళ్ళిపోవాలి. ఆ కథలో మిగతాది వినే హక్కు అతనికి లేదు. అది ఆ బల్ల కట్టుబాటు.

తొమ్మిదేళ్ళలో అలా లేచి వెళ్ళినవాడు ఒక్కడూ లేడు. అదెలాగని ఎవరూ అడగలేదు. మనుషులు తమకు జరిగే మంచికి కారణాలు వెతకరు, అదంతా తమ గొప్పే అనుకుంటారు.

గవ్వలకు జాలి లేదు, సత్యవేణికి ఉంది. రెండు పడినా, ఒకటే పడినా, చటుక్కున గుప్పిట్లోకి తీసుకుని తలెత్తి "నాలుగు. బతికావు" అనేది. కనురెప్ప కూడా కదిలేది కాదు. వారమంతా మనిషి పడే దెబ్బలు చాలవా, ఆదివారం కూడా చావాలా అన్నది ఆమె లెక్క. ఫిజియోథెరపీ చేసే నస్రీన్‌ను అలాగే బతికించింది. ఒక కాంట్రాక్టరు దగ్గర క్రేను నడిపే పైడిరాజును అలాగే బతికించింది. అందరికంటే ఎక్కువగా జయదీప్‌ను బతికించింది.

జయదీప్ ఇంజనీరింగు చదివే రోజుల్లో వచ్చి చేరాడు. అతని పాత్ర పేరు దండసేనుడు. వెనకా ముందూ చూడకుండా దూకే రకం. బతికి బయటపడ్డాక "నా ప్లాను ఎలగుందక్కా?" అని కాలరెగరేసేవాడు. ఆ దండసేనుడికి ముప్ఫైయొక్కసారి చావు వచ్చింది. ముప్ఫైయొక్కసారీ నేను అడ్డం నిలబడ్డాను.

సత్యవేణి కథ పేరు ఉప్పుకోట. సముద్రం వెనక్కి వెళ్ళిపోతే బయటపడ్డ ఉప్పు గోడల కోట, దానికి ఏడు ద్వారాలు. తొమ్మిదేళ్ళలో ఆరు తెరుచుకున్నాయి. ఏడో ద్వారం వెనక ఏముందో ఆమె ఎవరికీ చెప్పలేదు, ఏ కాగితం మీదా రాయలేదు.

చదువయ్యాక జయదీప్ కంప్యూటరు ఆటలు తయారు చేసే ఒక కంపెనీలో చేరాడు. ఆదివారాలు రావడం మానేశాడు. ఒక్కళ్ళు లేకపోతే ఆడకూడదని సత్యవేణి కథ అక్కడే ఆపేసింది. ఏడాదిన్నర గడిచాక నస్రీన్ లాప్‌టాప్ పట్టుకొచ్చి బల్ల మీద పెట్టింది. దాని తెర మీద ఒక కొత్త కంప్యూటరు ఆట, పెద్ద అక్షరాలతో ఉప్పుకోట. కింద, "కథ, కల్పన: జయదీప్". సత్యవేణి పేరు ఎక్కడా లేదు. పైగా అతనెవరికో ఇచ్చిన ఇంటర్వ్యూ కూడా చూపించింది. "చిన్నప్పట్నించీ నా బుర్రలో తిరుగుతున్న కథ ఇది. మా దండసేనుడు ఒక్క యుద్ధంలో కూడా ఓడిపోలేదు," అంటున్నాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళ గురించి విన్నాను గానీ, వాసాలు పీక్కుపోయి తన ఇల్లని చూపించుకునేవాణ్ణి అప్పుడే చూశాను. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అరికాలూ నెత్తీ లేకపోయినా సరే.

నిజం చెప్పకపోతే నేనూ వాడిలాంటిదాన్నే అవుతాను. బొమ్మలు బ్రహ్మాండంగా ఉన్నాయి. ఉప్పు గోడల మీద ఎండ పడితే కళ్ళు చెదిరాయి. పైగా కంప్యూటరుకు నలుగురికీ కుదిరే ఆదివారం అక్కరలేదు. ఎవరూ లేనివాడితో కూడా ఆడుతుంది, ఎప్పుడంటే అప్పుడు ఆడుతుంది.

సత్యవేణి చాలాసేపు చూసింది. రేవు దగ్గర పడవ నడిపే ముసలామె కనబడగానే, "ఆమెను ఇల్లెక్కడో అడుగు," అంది. నస్రీన్ నొక్కింది. "పడవ సిద్ధంగా ఉంది, వీరుడా," అంది బొమ్మ. మళ్ళీ నొక్కింది. "పడవ సిద్ధంగా ఉంది, వీరుడా." మూడోసారీ అదే మాట. మా బల్ల దగ్గర నస్రీన్ ఆ ప్రశ్న అడిగిన రోజు సత్యవేణి అప్పటికప్పుడు రెండు గంటలు చెప్పింది. ఆ ముసలామె పేరు నూకాలమ్మ అని, మొగుడు వెళ్ళిన దిక్కుకే రోజూ పడవ తిప్పి చూస్తుందని, పొయ్యి మీద ఎప్పుడూ ఇద్దరికి వండుతుందని చెప్పింది. ఆ రోజు అది విని పైడిరాజు ముఖం అటు తిప్పుకున్నాడు.

"దీనికి ఇల్లు లేకుండా చేసేశాడే," అంది సత్యవేణి. తన పేరు లేనందుకు రాని కన్నీళ్ళు అప్పుడొచ్చాయి.

ఆ ఆటలో ఇంకో సంగతి గమనించాను. దండసేనుడు చచ్చిపోతే ఒక మీట నొక్కితే చాలు, లేచి నిలబడుతున్నాడు. మా దగ్గర చచ్చినవాడు లేవడు. కాకపోతే చావనివ్వకుండా చూసుకునే మనిషి ఒకామె ఎదురుగా కూర్చుని ఉండేది.

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం జయదీప్ ఊడిపడ్డాడు, చేతిలో మాడుగుల హల్వా పెట్టెతో.

"ఆఫీసు పన్లో పడి రాలేకపోయానక్కా. ఏడో ద్వారం ఉండిపోయింది కదా, ఈ రోజు ముగించేద్దాం," అన్నాడు.

"ఆ ఆటలో అక్క పేరేదిరా?" అని పైడిరాజు అడిగాడు.

"అదంతా కంపెనీవోళ్ళ పని పైడన్నా. రెండో భాగంలో చూద్దాం. ముందు కథ ఎలగ ముగుస్తాదో తెలిస్తే కదా."

అదీ సంగతి. రెండో భాగానికి వాడికి ముగింపు కావాలి. మాటలు రికార్డు చేస్తూ చొక్కా జేబులోంచి ఫోను తొంగిచూస్తోంది. సత్యవేణి దాన్నీ చూసింది, వాడినీ చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టాలని నా నాలుగు రెక్కలూ కోరుకున్నాయి.

"సరే, కూర్చో. ఆడదాం," అంది.

నస్రీన్ నన్ను తెచ్చి నిలబెట్టింది. సత్యవేణి నన్ను మడిచి బల్ల మీద పడుకోబెట్టింది. "ఈ రోజు తెర వద్దు. ఎవరి గవ్వలు వాళ్ళే వేసుకోండి," అంది. జయదీప్ నవ్వి తలాడించాడు. వాడికేం భయం? ఎన్నడూ ఓడిపోనివాడు కదా.

కథ మొదలైంది. ఏడో ద్వారం ముందు నిప్పుల కందకం. పైడిరాజు తాడు కోసం వెతుకుదామన్నాడు. నస్రీన్ కాపలావాడితో మాట్లాడదామంది. దండసేనుడు ఎప్పటిలాగే దూకేశాడు.

"వెయ్యి," అంది సత్యవేణి.

జయదీప్ గవ్వలు ఊపి నా వీపు మీద వేశాడు. రెండే వెల్లకిలా పడ్డాయి. వాడు గవ్వల వంక చూడలేదు. అలవాటు కొద్దీ సత్యవేణి ముఖం వంక చూశాడు, ఆ మాట కోసం.

"రెండు," అంది ఆమె.

"అదేటక్కా?"

"నాలుగు కావాలి. రెండు పడ్డాయి."

వాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. గవ్వలు ఏరి ఆమె ముందుకు తోసి, "తెర పెట్టి నువ్వే ఇంకోసారి వెయ్యక్కా," అన్నాడు.

"తెర ఎందుకు?" అంది. "ముప్ఫైయొక్కసారి చచ్చిపోయాడు నీ దండసేనుడు. ముప్ఫైయొక్కసార్లు నేను అబద్ధమాడాను. ఓడిపోనోడని ఊరంతా చెప్పుకున్నావు కదా, ఇది కూడా చెప్పుకో."

"అక్కా, ఆ ముగింపు లేకపోతే నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారు."

"కట్టుబాటు నీకు తెలుసు. కాగితం చించి బయటికి నడు. జేబులో ఉన్నదాన్ని కూడా తీసుకుపో."

చించాడు. రెండు ముక్కలు నా మీదే పడ్డాయి. నస్రీన్ లేచి వాడి వెనకే తలుపు గడియ పెట్టింది. మెట్లు దిగుతున్న చప్పుడు వింటుంటే నా కడుపు చల్లబడింది. ఆ తర్వాత సత్యవేణి ఏడో ద్వారం తెరిచింది. దాని వెనక ఏముందో నేను విన్నాను. మీకు చెప్పను. మీరు ఆ బల్ల దగ్గర లేరు.

పగ తీరితే పండగేననుకున్నాను. మరుసటి ఆదివారం కొత్త కథ మొదలుపెట్టారు. సత్యవేణి నన్ను మళ్ళీ నిలబెట్టింది. నస్రీన్ పాత్రను పాము కాటేసింది. గవ్వలు వేస్తే ఐదు పడ్డాయి, నిజంగానే ఐదు.

"ఐదు. బతికావు," అంది సత్యవేణి.

నస్రీన్ నవ్వలేదు. "నిజంగానేనా అక్కా?" అంది.

సత్యవేణి నన్ను పక్కకు తీసి ఐదు గవ్వలూ చూపించింది. మళ్ళీ నన్ను నిలబెట్టలేదు, గోడకు ఆనించేసింది. నేను కోరుకున్నది ఒక్కడి చావు. పోయింది నా ఉద్యోగం.

ఆ వారమే చూపు తగ్గిందని పైడిరాజును క్రేను మీంచి దింపి గేటు దగ్గర కూర్చోబెట్టారు. ఆ ఆదివారమే సాయంత్రానికి అతని పాత్ర బావిలో పడింది. అందరూ చూస్తుండగా గవ్వలు వేశాడు. ఒక్కటే పడింది. సత్యవేణి చెయ్యి అలవాటు కొద్దీ గవ్వల మీదికి వెళ్ళి ఆగిపోయింది. తెర ఉంటే అది నాలుగయ్యేది.

"పర్లేదక్కా. కట్టుబాటు కట్టుబాటే," అని కాగితం చించేసి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు.

నస్రీన్ తలుపు వేయడానికి లేచింది. సత్యవేణి ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. తలుపు అలా తెరిచే ఉంచి, మెట్ల దాకా వినబడేంత గొంతుతో కథ అందుకుంది.