బొమ్మల ఉద్యాపన

మా ఆయనకు బొమ్మల పిచ్చి ఉందని పెళ్లిచూపుల్లో ఎవరూ చెప్పలేదు. సిగరెట్టు లేదు, పేకాట లేదు, కాఫీ తప్ప ఇంకో అలవాటు లేదన్నారు. అదీ నిజమే. కానీ పేకాట ఆడేవాడైనా ఆ ముక్కల్ని తెచ్చి పడకగదిలో పేర్చుకోడు కదా.

యాభై ఆరులో ఆయన ఆఫీసుతోపాటు కర్నూలు నుంచి హైదరాబాదు వచ్చి, నాంపల్లిలో రెండు గదుల వాటాలో దిగాం. ఒక ఆదివారం అబిడ్స్‌లో పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు చూసొస్తానని వెళ్లి, కీ ఇస్తే చిడతలు వాయించే రేకు కోతిని పట్టుకొచ్చారు. ముచ్చటగా ఉందని నేనూ నవ్వాను. ఆ తర్వాత ఏ ఆదివారమూ ఖాళీ చేతులతో రాలేదు. నవాబుల దేవిడీలు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్న రోజులు. ఆ ఇళ్ల పిల్లలు ఆడి పారేసిన సీమబొమ్మలన్నీ మా వాటాకే దారి పట్టాయి. రేకు కార్లు, పింగాణీ దొరసానులు, గుర్రం లేని బగ్గీ. మంచం కింద సిపాయిల పటాలం, బియ్యం డబ్బా మీద ఓడ. స్నానాల గదిలో సబ్బుపెట్టె పక్కన కూడా ఒక ఏనుగు నిలబడేది. పడుకోబెట్టడానికి చోటులేక చుట్టాల్ని రావద్దని చెప్పే స్థితికి వచ్చాం.

మా కమలకుమారికి అప్పుడు ఆరేళ్లు. ఇంటినిండా బొమ్మలు పెట్టుకుని ఆ పిల్ల చింతగింజలతో ఆడుకునేది. ముట్టుకుంటే పాడవుతాయట. ఒకసారి కోతికి కీ ఇచ్చిందని చేతిమీద చెళ్లున కొట్టారు. కోపంతో ఆ పూట నేను ఆయనకు అన్నం వడ్డించలేదు. ఆయన అది గమనించనే లేదు, కోతిని తుడుచుకుంటూ కూర్చున్నారు.

ఆ ఇంట్లో నాదంటూ ఉన్నది ఒక్కటే, కిటికీ దగ్గర కుట్టుమిషను. అది మా అమ్మ సుబ్బరత్నానిది. నాన్న పోయాక తెనాలిలో ఆ మిషను తొక్కే అమ్మ నన్నూ చెల్లెల్నీ పెంచింది, చదివించింది, పెళ్లిళ్లు చేసింది. పోయేముందు నాకిచ్చి, దీన్ని మాత్రం ఎవరి చేతిలోనూ పెట్టకే అంది. మధ్యాహ్నాలు ఆ కిటికీ వెలుతురులో దాని ముందు కూర్చుంటే అమ్మ పక్కన కూర్చున్నట్టే ఉండేది.

అరవై మూడు వేసవిలో చెల్లెలి పురిటికని తెనాలి వెళ్లాను. తిరిగొచ్చేసరికి కిటికీ దగ్గర మిషను లేదు. ఆ చోట నిలువెత్తు గాజు బీరువా ఉంది. దాని మధ్య అరలో, పట్టాల మీద, ఎర్ర ఇంజనుతో జర్మనీ రైలు ఉంది.

"మిషనేదండీ?" అన్నాను.

"బాలకిషన్ కొట్టుకిచ్చాను. దానికి మారుగా ఈ రైలు, బీరువా రెండూ ఇచ్చాడు. ఎప్పుడో తప్ప తొక్కవు కదా, రవికలు బయట కుట్టించుకుందువుగానిలే." ఆ మాట అంటూనే వంగి ఇంజనుకు కీ ఇచ్చారు. "ఇది చూడు వసుమతీ, ఈల కూడా వేస్తుంది."

నేను ఏడవలేదు, అరవలేదు. తెచ్చిన పెట్టె కూడా విప్పకుండా అబిడ్స్ వెళ్లాను.

పోస్టాఫీసు వెనక సందులో బాలకిషన్‌ది పాతసామాన్ల దుకాణం. తాతల నాటి నుంచి ఈ ఊళ్లోనే ఉన్న కుటుంబం. నేనెవరినో చెప్పగానే అతను లేచి నిలబడ్డాడు.

"మిషన్ లేదమ్మా. మీతోని అబద్ధం ఎందుకు చెప్పాలె. మీ ఇంటికెల్లి రిక్షాల ఏస్కొని వస్తుంటే టేషన్ కాడ గుంతల దిగబడి కింద పడ్డది. బీడు ఇనుము గదా, నడుమకు రెండు తుకడలైంది. అతుకదన్నరు. పాత ఇనుము కింద ఇచ్చేసిన."

"చెక్కబల్ల?"

"గది గూడ పలిగింది. పొయ్యిల పెట్టిన్రు."

"ఆయనకు తెలుసా?"

"తెల్వదు. సార్ రైలు పట్టుకొని ముందుగాలనే పోయిండు, మిషన్ దిక్కు మల్లి చూడలే. నాకు జర భయమై నేను గూడ చెప్పలే."

"చెప్పకండి," అన్నాను. "ఆయన వచ్చి ఎన్నిసార్లు అడిగినా చెప్పకండి. అమ్మేశాను, ఎవరికో గుర్తులేదు అనండి. మీరు నాకు చేయగలిగింది ఇదొక్కటే."

"ఔ, గట్లనే అంట," అన్నాడు బాలకిషన్.

ఇంటికి నడుస్తూ ఆలోచించాను. రోకలి తీసుకుని ఆ బొమ్మలన్నీ చితక్కొట్టడానికి ఒక్క గంట చాలు. కానీ అలా చేస్తే నేను పిచ్చిదాన్నవుతాను, ఆయన పాపం అమాయకుడవుతారు. లోకమంతా ఆయన్ను ఓదారుస్తుంది. అది నేను భరించలేను. ఆ బొమ్మలు పోవాలి, పోతుంటే ఆయన కళ్లారా చూడాలి, చూస్తూ కూడా నోరు మెదపలేకుండా ఉండాలి.

శ్రావణమాసం వచ్చింది. పక్క వాటాలో నాగరత్నం పిన్నిగారు ఉండేవారు. బందరు ఆవిడ. నోముల విషయంలో ఆ చుట్టుపక్కల ఆవిడ మాటకు తిరుగులేదు.

"పిన్నిగారూ, పెళ్లైన కొత్తలో ఆయన ఆయుష్షు కోసం గౌరి నోము పట్టాను. ఉద్యాపన చెల్లించకుండానే ఉండిపోయింది," అన్నాను.

"ఇన్నేళ్లు ఎలా ఊరుకున్నావమ్మాయ్? ఈ శుక్రవారమే చెల్లించెయ్."

"వాయనంలో ఏ వస్తువైనా ఇవ్వొచ్చా?"

"పసుపు కుంకుమలు, రవికెలగుడ్డ, పండు తప్పవు. వాటితోపాటు మనసుకు ఇష్టమైన వస్తువేదైనా ఇస్తే మరీ మంచిది."

"ఆయన మనసుకు ఇష్టమైనదైతే?"

"ఇంకా శ్రేష్ఠం. అతని కోసమేగా నోము."

భోజనాల దగ్గర ఆయనకు చెప్పాను. శుక్రవారం ఉద్యాపన అన్నాను. కానీయమన్నారు. మీకిష్టమైనవే వాయనం ఇమ్మంటున్నారు పిన్నిగారు అన్నాను. "ఇవ్వు, ఇవ్వు," అన్నారు. కంచం పక్కన పెట్టుకున్న రైలు చక్రానికి నూనె పూస్తూ తల కూడా ఎత్తలేదు.

శుక్రవారం సాయంత్రం నాంపల్లి వీధి ఆడవాళ్లు, లక్డీకాపూల్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్ల భార్యలు, అందరూ పేరంటానికి వచ్చారు. కాళ్లకు పసుపు రాశాను, గంధం పూశాను, కొంగు కప్పి ఒక్కొక్కరికీ వాయనం అందించాను. ఇస్తినమ్మ వాయనం అని నేను, పుచ్చుకుంటినమ్మ వాయనం అని వాళ్లు, మూడేసి సార్లు. నా వాయనం అందుకున్నదెవరు అని నేనడగడం, నేనే గౌరీదేవిని అని వాళ్లనడం. ఆ మాట పడ్డాక ఇచ్చిన వస్తువు అమ్మవారిదే. దాన్ని వెనక్కి అడిగే ధైర్యం ఏ మగవాడికీ ఉండదు.

కోతి వెళ్లిపోయింది. ఓడ వెళ్లిపోయింది. దొరసానులు ఒకరి వెనక ఒకరు కొంగుల చాటున గడప దాటారు. సిపాయిల పటాలాన్ని నలుగురికి పంచాను. కమలకుమారికి ఒకటి ఉంచుదామా అనుకున్నాను, ఆ పిల్లనీ తండ్రి దారి పట్టించడమెందుకని మానేశాను. రైలును మాత్రం ఆయన వచ్చేదాకా కదల్చలేదు.

ఆయన ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలో ఆగారు. ఖాళీ అరలు చూశారు. నేను బీరువా తలుపు తీసి, రైలును పట్టాలతో సహా పళ్లెంలో పెట్టి, మా ఇంట్లో అంట్లు తోమే సమ్మక్కను పీట మీద కూర్చోమన్నాను. పిన్నిగారి ముఖం కాస్త ముడుచుకుంది. ముత్తయిదువ ఎవరైనా ముత్తయిదువే కదండీ అన్నాను.

"వసుమతీ, అది కాదు..." అంటూ ఆయన ఒక అడుగు లోపలికి వేశారు.

"అడ్డు మాట అనకు నాయనా," అన్నారు పిన్నిగారు. "నీ ఆయుష్షు కోసం చేస్తోంది పిల్ల. వాయనం మధ్యలో ఆపితే ఎవరికి చెడో తెలుసా?"

ఆయనకు దేవుడి మీద ఎంత భక్తో నాకు తెలియదు కానీ, చావంటే మాత్రం భలే భయం. వేసిన అడుగు వెనక్కి తీసుకున్నారు.

"గింత పెద్ద రైలు నేనేం జేస్కుంటనమ్మా. నా మనుమలు తాడు కట్టి గుంజుతరు," అంది సమ్మక్క.

"గుంజనీ సమ్మక్కా," అని, అందరికంటే ఆమెకే గట్టిగా చెప్పాను, ఇస్తినమ్మ వాయనం అని.

చివర్న భర్త కాళ్లకు నమస్కరించాలి. ఆడవాళ్లందరూ చూస్తుండగా వంగాను. నా వెనకాల ఖాళీ బీరువా, ఆయన చేతిలో అక్షింతలు. ఆయన నోటి నుంచి దీర్ఘసుమంగళీ భవ అన్న మాట రావడానికి చాలాసేపు పట్టింది. నేను తల ఎత్తలేదు, ఎత్తితే నా నవ్వు కనబడిపోతుంది. జాలి కలుగుతుందేమోనని ఉదయం నుంచీ భయపడ్డాను. కలగలేదు.

తర్వాత కొన్నాళ్లకు ఆయన స్టేషను వైపు నుంచి పాలిపోయిన ముఖంతో వచ్చారు. ఎర్ర ఇంజను చక్రాలూడి, తాడు చివర బురదలో దొర్లుతోందట. నేను చారు వడ్డించాను.

"నీ మిషను ఇచ్చేసినందుకేగా ఇదంతా," అన్నారు.

"అవును," అన్నాను.

"తప్పే చేశాను. బాలకిషన్‌ని అడిగాను, ఎవరికో అమ్మేశాడట, గుర్తులేదంటున్నాడు. ఎక్కడున్నా వెతికి తెస్తాను. అది దొరికేదాకా ఇంకో బొమ్మ జోలికి పోను."

నిజం నోటి చివరిదాకా వచ్చింది. రెండు ముక్కలైన బీడు ఇనుము, పొయ్యిలో కాలిన చెక్క. ఆ పొగలో అమ్మ కనబడింది. మింగేశాను.

"వెతకండి," అన్నాను. "చెక్కబల్లకు కుడివైపు అమ్మ పేరు చెక్కి ఉంటుంది, అది చూసి తీసుకురండి. వేరేది తెస్తే నేను ముట్టుకోను."

ఇది జరిగి తొమ్మిదేళ్లు దాటింది. ఆయన జుట్టు నెరిసింది. సెలవు దొరికితే చాలు అబిడ్స్, సుల్తాన్ బజార్, ఎక్కడ దర్జీ కనబడితే అక్కడ ఆగి, వంగి, మిషను చెక్కను చేత్తో తడుముతారట. కొందరు కసురుకుంటారట కూడా. ఈ ఆదివారం వాన పడుతున్నా గొడుగు తీసుకుని బయల్దేరారు. గడప దాటుతూ వెనక్కి తిరిగి, "కుడివైపే కదా?" అని అడిగారు.

"కుడివైపే," అన్నాను.