ముందు పళ్లు కట్టినదెవరు

కాగితం చేతికొచ్చాక చిన్ని దాన్ని మూడుసార్లు చదివింది. మూడుసార్లూ అదే మాట కనబడింది. హెల్పరు. ఫలానా ఆవిడ పదకొండేళ్లుగా మా దగ్గర హెల్పరుగా ఉంది, ప్లాస్టరు కలుపుతుంది, అచ్చులు కడుగుతుంది, బల్లలు తుడుస్తుంది, నడవడిక మంచిది. కింద బావ సంతకం, షాపు ముద్ర. నడవడిక మంచిదట. పదకొండేళ్ల చాకిరీకి మెచ్చి మేకతోలు కప్పాడు మహానుభావుడు. చిన్నికి ఒళ్లంతా కారం రాసుకున్నట్టు మండింది.

ఇంట్లో ఇంకా చిన్ని అంటారు గానీ ఆమెకి ముప్పై అయిదు నిండాయి. పనిచేసేది అక్క మొగుడి డెంటల్ ల్యాబులో. పళ్ల డాక్టర్లు రోగి నోటి అచ్చు తీసి పంపితే, దానికి సరిగ్గా కూర్చునే కట్టుడు పళ్లు చేసి పంపే చోటు అది. నాలుగు బల్లలు, పళ్లు కాల్చే ఒక ఫర్నేసు, ఎంత ఊడ్చినా పోని తెల్లటి దుమ్ము. పళ్ల షాపు కదా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా అందరూ ఒకరి మీద ఒకరు పళ్లు నూరుకుంటూనే ఉంటారు.

చిన్ని కెనడా వెళ్లి అక్కడే స్థిరపడాలనుకుంది. రానివ్వడానికి వాళ్ల లెక్కంతా పాయింట్లలో ఉంటుంది. వయసుకిన్ని, చదువుకిన్ని, భాషకిన్ని, అనుభవానికిన్ని. మొదటిసారి లెక్కేసుకున్నప్పుడు చిన్నికి చాలలేదు. పైగా ప్రతి పుట్టినరోజుకీ వయసు పాయింట్లు కొన్ని తెగ్గోస్తారు. పుట్టినందుకు జరిమానా అన్నమాట. మూడేళ్ల డిగ్రీ మీద ఇంకో ఏడాది డిప్లొమా చేస్తే చదువు పాయింట్లు పెరుగుతాయని తెలిసింది. అంతే, శని ఆదివారాలు కాలేజీలో చేరిపోయింది. తనకంటే పదేళ్లు చిన్నవాళ్ల పక్కన, ఇరుకు బెంచీ మీద, ఏడాది పాటు.

ఆ ఏడాదంతా బావ దెప్పని రోజు లేదు. పళ్లు కట్టడానికి డిప్లొమా ఏమిటి, రేపు పళ్లు తోముకోడానికి కూడా డిగ్రీ చేస్తావా అన్నాడు. సోమవారం పొద్దున్నే వెళితే కలెక్టరమ్మ వచ్చిందనేవాడు. చిన్ని శనివారం రాగానే మళ్లీ కాలేజీకి పోయేది. డిప్లొమా చేతికొచ్చింది, అక్కడి చదువుతో సమానమని కెనడా వాళ్ల ముద్రా పడింది, పాయింట్లు పెరిగాయి. పుట్టినరోజు ఇంకా రెండు నెలలుందనగా కెనడా నుంచి పిలుపొచ్చింది. అరవై రోజుల్లో కాగితాలన్నీ పంపాలి. అన్నీ ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఏ పని చేసిందో యజమాని రాసివ్వాలి. హెల్పరని రాస్తే నైపుణ్యమున్న పని కింద లెక్కకు రాదు. ఏడాది చదువూ, పదకొండేళ్ల పనీ కలిపి చెత్తబుట్టలో వేసినట్టే. రోజులేమో పంతొమ్మిది మిగిలాయి.

ఆమె ఊరికే అడగలేదు. చేసే పనులన్నీ వరసగా టైపు చేసి మరీ ఇచ్చింది. బావ కళ్లజోడు సర్దుకుని చదివి, ఈ మాటలన్నీ ఎక్కడ ఏరుకొచ్చావన్నాడు. పూసుకుంటూ పోయే పొరలకో పేరు, పళ్లు కరుచుకునే తీరుకో పేరు, ఫర్నేసులో చల్లారే పద్ధతికో పేరు. ఇలాంటివేవీ మన షాపులో జరగవు, దొంగ రాతలు రాయనని కాగితం వెనక్కి విసిరి, హెల్పరని రాసిచ్చాడు. రోజూ తన కళ్ల ముందు జరిగేవాటి పేర్లే ఆయనకి తెలియవు. ఆమెకీ మొన్నటిదాకా తెలియవు. కాలేజీకి వెళ్లాకే కదా తెలిసింది, ఇన్నాళ్లూ తన వేళ్లు చేస్తున్నవాటికి ఇంతింత పేర్లున్నాయని.

కానీ అసలు కథ పేర్లది కాదు. అది చిన్నికీ తెలుసు, బావకీ తెలుసు, ప్లాస్టరు బల్ల దగ్గర తలొంచుకు కూర్చునే ఇద్దరు పనివాళ్లకీ తెలుసు. బావ కుడిచెయ్యి ఆరేళ్లుగా వణుకుతోంది. వెనక పళ్లు ఎలాగో కానిచ్చేయొచ్చు. ముందు పళ్లు అలా కాదు. సన్నటి కుంచెతో పింగాణీ పొడిని పొర మీద పొర పెట్టి, మనిషి పక్క పన్ను రంగుకి తీసుకురావాలి. ఒక్క వణుకు చాలు, పన్ను చాక్‌పీసు ముక్కలా అయిపోతుంది. ఆరేళ్లుగా ఈ షాపులో ముందు పళ్లన్నీ కట్టింది చిన్ని. ప్రతి పెట్టె మీదా చీటీలో చేసినవారని ఉన్నచోట బావ పేరు. డాక్టర్లు బావ పనితనం చూసి పని పంపుతారు మరి. ఎవరైనా డాక్టరు వస్తున్నాడంటే చిన్ని లేచి పక్కకి తప్పుకునేది, ఆయన కిటికీ దగ్గర బల్ల ముందు కుంచె పట్టుకుని కూర్చునేవాడు. కుంచె పొడిలో ముంచేవాడు కాదు, పట్టుకునేవాడంతే.

ఆ కాగితంలో నిజం రాస్తే ఇదంతా రాసినట్టే. అక్క కూడా మొగుడి వైపే మాట్లాడింది. ఇంటి గుట్టు దేశం కాని దేశం వాళ్ల ముందు పెడతావా, నీకు పని నేర్పింది ఆయన కాదా అని ఫోనులో గంటసేపు వాయించింది. నేర్పాడు, కాదన్నదెవరు? నేర్చుకున్నదానికి తన పేరు ఎక్కడైనా ఒక్కచోట ఉండాలని ఆశపడితే అది నేరమా? చిన్ని ఫోను పెట్టేసి కరువుతీరా ఏడ్చింది.

మర్నాడు పొద్దున పెద్ద డాక్టరు వచ్చాడు. సగం పని ఆయన నుంచే వస్తుంది. వెలుతురులో రంగు చూడాల్సిన రోగి ఉంటే వెంటబెట్టుకుని ఆయనే వస్తాడు. ఈసారి ఒక టీచరమ్మ, బండి మీంచి పడి ముందు పళ్లు రెండు పోయాయి. బావ అలవాటు ప్రకారం కిటికీ దగ్గర కూర్చుని కుంచె తీసుకున్నాడు. చిన్ని పక్కకి తప్పుకోవాలి. తప్పుకోలేదు. రంగుల పలక తీసి టీచరమ్మ పెదవి దగ్గర పెట్టి, రంగు చీటీ మీద రాసుకుని, ఆమెను బయట కుర్చీలో కూర్చోమంది. ఆమె వెళ్లాక డాక్టరు వైపు తిరిగింది. తాడో పేడో ఇవాళే తేల్చుకోవాలనిపించింది.

"డాక్టరుగారూ, ఆరేళ్లుగా మీ ముందు పళ్లన్నీ నేనే కట్టాను. బావ కాదు. ఆయన రాయనన్నారు. ఆ మాట మీరు రాసివ్వాలి, నాకు కెనడా కాగితాలకి కావాలి."

బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. ప్లాస్టరు బల్ల దగ్గర గిన్నె చప్పుడు ఆగిపోయింది. డాక్టరు మాత్రం తాపీగా నవ్వాడు.

"తెలుసమ్మా. చెయ్యి మారిందని మొదటి నెల్లోనే తెలిసింది. మీ బావ కట్టిన పళ్లు తెల్లగా ఉండేవి. నీవి పళ్లలాగా ఉంటాయి. మా క్లినిక్కులో అందరికీ తెలుసు."

ఆరేళ్లు ఈ నాటకం ఎవరి కోసం ఆడినట్టు? అయితే రాసిస్తారా అని చిన్ని అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. తను రాస్తే ఆమె వెళ్లిపోతుందని, వెళ్లిపోతే ఇలాంటి పని ఎవరు చేస్తారని ఎదురు ప్రశ్న వేశాడు. మంచి పనిమంతురాలిని చేజేతులా విమానం ఎక్కించడానికి తనకేమైనా పిచ్చా అన్నాడు. మొహమాటం కూడా లేదు. తర్వాత బావ భుజం మీద చెయ్యి వేశాడు, ఏదో ఓదారుస్తున్నట్టు.

"మీరు ఆ కాగితం ఇవ్వకపోవడమే మంచిదయింది. ఈ పిల్లని వదలకండి. ఈమె లేకపోతే మీ షాపుతో నాకేం పని చెప్పండి?"

అనేసి టీచరమ్మని తీసుకుని వెళ్లిపోయాడు. బావ కుంచె పట్టుకుని అలాగే కూర్చున్నాడు. మధ్యాహ్నం భోజనాల వేళయినా లేవలేదు. ఆరేళ్లుగా డాక్టర్ల ముందు దాచుకున్న చెయ్యి బల్ల మీద పెట్టి, అది వణుకుతుంటే చూస్తూ కూర్చున్నాడు. చిన్నికి జాలి వేయలేదని చెబితే అబద్ధం. వేసింది, కానీ హెల్పరన్న మాట గుర్తొచ్చి ఆ జాలి కాస్తా ఆవిరైపోయింది.

మూడింటికి పిలిచాడు. కంప్యూటరు ముందు కూర్చోమన్నాడు.

"నీ కాలేజీ మాటలు ఒక్కోటీ చెప్పు. అర్థం కూడా చెప్పు."

ఆమె చెప్పింది. మొదటి మాటకి అర్థం విని, ఇదా, దీనికా ఇంత పేరు, ఇది నీకు నేర్పింది నేను కాదా అన్నాడు. రెండోదానికీ అదే మాట. మూడోదానికీ అదే. పద్నాలుగు పనుల్లో పదమూడు ఆయన ఈ బల్ల మీదే నేర్పినవి. పద్నాలుగోది మాత్రం కాలేజీలో నేర్చుకుంది. అది కూడా రాయి అన్నాడు విసుగ్గా. ఆయన చెబుతుంటే ఆమె టైపు చేసింది. హెల్పరు పోయి టెక్నీషియను వచ్చింది. వారానికి నలభై ఎనిమిది గంటలు. ఆఖర్న ఇంకో వాక్యం చెప్పాడు. ఆరేళ్లుగా ఈ షాపులో ముందు పళ్లు కట్టగలిగిన మనిషి ఈమె ఒక్కతే, నా చెయ్యి వణుకుతుంది.

ఆమె వేళ్లు ఆగిపోయాయి. అది అక్కర్లేదు బావా, వాళ్లు అడగరు అంది.

"ఉండనీ. పళ్ల డాక్టర్లందరికీ తెలిసింది, కెనడా వాళ్లకి తెలిస్తే ఏమైంది? నీ మీద ప్రేమతో రాస్తున్నాననుకుంటున్నావేమో. కాదు. ఆ డాక్టరు నోట్లో మన్ను పడాలి. రేపట్నించి వాడికి నీ చేతి పన్ను ఒక్కటి కూడా దక్కకూడదు. నువ్వూ ఈ గడప తొక్కొద్దు."

"తెలుసు," అంది చిన్ని. "సంతకం పెట్టండి."

ఆయన కలం తీసుకున్నాడు. మొదటిసారి కలం కాగితానికి ఆనకముందే పక్కకి పోయింది. రెండోసారి మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. ఎడమచేత్తో కుడి మణికట్టు బిగించి పట్టుకున్నాడు, ఈసారి కాగితమే జారిపోయింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. చిన్ని కుర్చీ ముందుకి జరుపుకుని, రెండు చేతులతో కాగితాన్ని బల్లకి అదిమిపట్టి, ఆయన పేరు పూర్తయ్యేదాకా కదలకుండా కూర్చుంది.