మూడో మంచు తర్వాత

ముందే ఒకటి ఒప్పేసుకుంటాను. ఈ కథ మధ్యలో ఒక ఫారం వస్తుంది, క్లినిక్‌లో చేతికిచ్చే టాబ్లెట్‌లో నింపేది. దాన్ని తయారుచేసింది నేనే. చాలా నీట్‌గా చేశానని మురిసిపోయా కూడా. ఇంకోటి, చివర్లో అన్నీ సర్దుకుంటాయని ఎదురు చూడకండి. ఇక నన్ను వదిలేయండి. కథ ఆర్డిస్‌ది.

ఆర్డిస్‌కి అరవై ఒకటి. చెల్లెలు లెటీ ఏడేళ్ళు చిన్న. అమెరికాలోని మెయిన్ రాష్ట్రం తూర్పు కొసన ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు, పికిల్ అనే ఒక కుక్కని పెంచుతారు. నవంబర్ వస్తే అడవిలోకెళ్ళి ఫర్ అనే సూదాకుల చెట్ల కొమ్మల చివర్లు విరిచి తెస్తారు. షెడ్డులో ఇంకొందరితో కలిసి వాటిని తీగతో చట్రానికి కట్టి, తలుపులకి వేలాడదీసే క్రిస్మస్ దండలు చేస్తారు. కొమ్మని కత్తితో కొయ్యరు. విరిగే చోటు వేళ్ళతో పసిగట్టి టక్కున విరుస్తారు. ఆ చోటు కంటికి కనపడదు. లెటీ వేళ్ళకి తెలిసినంత బాగా ఆ కౌంటీలో ఇంకెవరి వేళ్ళకీ తెలీదు. అక్క ఒక మోపు విరిచేలోపు ఆమె రెండు మోపులు భుజాన వేసుకుని, ఎగతాళి చేయడానికి టైమ్ కూడా మిగుల్చుకునేది.

మూడు గట్టి మంచులు పడేదాకా చెట్టు మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. ముందే విరిస్తే ఆకు రాలిపోతుంది. ఈ లెక్కకి ఇంకో లెక్క అతుక్కుని ఉంది: మూడో మంచుతో అడవిలో రక్తం పీల్చే పిడుదులు కూడా చస్తాయని. వేసవంతా పాంటు సాక్సుల్లోకి దోపుకుని, సాయంత్రమైతే ఒకరి వీపు ఒకరు వెతుక్కునే జనం, మూడో మంచు పడగానే ఆపేస్తారు. షెడ్డులో కొత్తగా చేరినవాళ్ళకి ఇది నేర్పేది ఆర్డిసే.

"మూడోది పడింది. ఇక పురుగూ లేదు, పుట్రా లేదు. పదండి పదండి."

పిడుదులకి మాత్రం ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆ నవంబర్‌లో ఒక సాయంత్రం లెటీ పొయ్యి దగ్గర నిలబడి స్వెటర్ ఎత్తింది. "అక్కా, భుజం కింద ఏదో మంటగా ఉంది, చూడు."

అరచేయంత ఎర్రటి మచ్చ, గుండ్రంగా. ఫర్ చెట్టు బంక పడక ఒళ్ళంతా దద్దుర్లు తేలినవాళ్ళని ఆర్డిస్ ముప్పై ఏళ్ళుగా చూస్తోంది.

"బంకే. లోపలికి కారినట్టుంది."

"వీపు మీదకి ఎలా కారుతుంది?"

"మోపు వీపున వేసుకుని మైలు నడిస్తే కారదా మరి. కదలకు." బంక వదలాలంటే వెన్న రాయాలి. ఆర్డిస్ ఇంత వెన్న తీసి మచ్చ మీద బాగా రుద్దింది.

"నన్ను ఓవెన్లో పెడుతున్నావా ఏంటి?"

"నిన్ను తినేదెవరే, ముదురు కోడివి."

ఇద్దరూ నవ్వుకున్నారు.

వారానికి జ్వరమొచ్చింది. ఫ్లూ అనుకున్నారు. దండలు పంపాల్సిన రోజులు, జ్వరంతోనే కట్టింది. జనవరిలో ఒక పొద్దున లెటీ ముఖం ఒకవైపు జారిపోయింది. కాఫీ తాగితే పెదవి పక్క నుంచి కారింది. ఊళ్ళో ఉన్న ఒక్క క్లినిక్‌కి పరిగెత్తారు. అక్కడ ఆ ఫారం ఇచ్చారు.

'పిడుదులుండే చోట ఎప్పుడు తిరిగారు?' కింద నెలల జాబితా. మే దగ్గర మొదలై సెప్టెంబర్ దగ్గర ఆగింది.

"నేను అడవికెళ్ళింది నవంబర్‌లో కదా. ఇందులో లేదు," అంది లెటీ.

"లేకపోతే ఏదీ కాదని నొక్కు."

నొక్కింది. నర్సు మంచిదే. స్క్రీన్ చూసింది, ముఖం చూసింది, నరం వాచిందనీ కొన్ని వారాల్లో అదే తగ్గుతుందనీ చెప్పింది. నిజంగానే తగ్గింది. అదే కొంప ముంచింది. ఇక ఎవరూ వెతకలేదు.

మే నెలకి మోకాలు గుమ్మడికాయలా వాచింది. వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కాయి. ఒకసారి కప్పు జారిపోయింది, ఇంకోసారి గుడ్లట్ట. "ముప్పై ఏళ్ళు తీగ లాగావు, తిమ్మిరెక్కక ఏం చేస్తాయి," అంది ఆర్డిస్. క్లినిక్‌లో కూడా అదే అన్నారు, కాస్త మర్యాదగా.

ఆగస్టులో పికిల్ కుంటింది. ఆర్డిస్ దాన్ని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన ఒక చుక్క రక్తం తీసి, పది నిమిషాలాగి, చిన్న పట్టీ మీద చుక్క చూపించాడు.

"లైమ్ జబ్బు. పిడుదు కుట్టడం వల్ల. నెల రోజులు మాత్రలు వెయ్యండి."

"ఈ వేసవిలో కుట్టిందంటారా?"

"పోయిన నవంబర్‌లోనే కావచ్చు. మీతో అడవికొచ్చే కుక్కల్ని అప్పుడు బాగా పట్టుకుంటాయి."

"మూడో మంచు తర్వాత ఇంకా ఏముంటాయండీ?"

"మంచు వాటినేం చెయ్యదు. మధ్యాహ్నం కాస్త ఎండొస్తే లేచొస్తాయి. నువ్వుగింజంత ఉంటాయి, ఎవరు చూస్తారు?"

ఆర్డిస్ కుక్క తాడు చేతికి చుట్టుకుంది. విప్పింది. మళ్ళీ చుట్టుకుంది. "మనుషుల్ని కుడితే ఎలా ఉంటుంది?"

"చాలామందికి ఎర్రటి మచ్చ వస్తుంది. గుండ్రంగా, రోజురోజుకీ పెద్దదవుతూ. అప్పుడే పట్టుకుంటే మాత్రలతో పోతుంది."

ఇంటి ముందు ట్రక్ ఆపి ఆర్డిస్ దిగలేదు. లెటీ కుంటుకుంటూ వచ్చి తలుపు తీసింది.

"ఏమైందట దీనికి?"

"లైమ్. నీకూ అదే. ఆ మచ్చ బంక కాదే. నేను దానికి వెన్న రాశాను."

లెటీ కుక్క వైపు చూసింది. "దానికెంతసేపట్లో తేలింది?"

"పది నిమిషాలు."

"నాకూ తోకుంటే బాగుండేది." చెయ్యి చాపింది. "ఆ మాత్రలేవో ఇటివ్వు. అది మొరగదులే."

ఆర్డిస్ డబ్బా వెనక్కి లాక్కుంది. మర్నాడే క్లినిక్‌కి తీసుకెళ్ళి, ఫారం ఉన్న టాబ్లెట్ ఇస్తే ముట్టుకోకుండా, "నవంబర్‌లో కుట్టింది, రాసుకోండి," అంది. రక్తం తీశారు. పది రోజులకి అవునని తేలింది. ఇరవై ఎనిమిది రోజుల మాత్రలు ఊళ్ళోనే దొరికాయి. కుక్క డబ్బా మీదున్న పేరే. భోజనాల దగ్గర పికిల్‌కి చీజ్‌లో దాచి పెట్టేవాళ్ళు, లెటీ నీళ్ళతో మింగేది. వారానికి పికిల్ ఉడతల వెంట పడింది. రెండు నెలలకి లెటీ మోకాలి వాపు దిగింది. వేళ్ళకి స్పర్శ మాత్రం రాలేదు.

అక్టోబర్‌లో రెండు గంటలు నడుపుకుంటూ బాంగర్ పట్నంలో నరాల డాక్టరు దగ్గరికెళ్ళారు. ఆయన సూదితో వేళ్ళు గుచ్చి చూశాడు. "క్రిములు పోయాయనే అనుకుందాం. నరం కోలుకుంటుందో లేదో చెప్పలేను. మచ్చ ఉన్నప్పుడే వచ్చుంటే..." అని ఆగాడు.

తిరిగొచ్చేటప్పుడు ట్రక్ నడుపుతూ ఆర్డిస్ ఆ మాటే ఎత్తింది. "మచ్చ ఉన్నప్పుడు, అన్నాడు."

"నాక్కూడా చెవులున్నాయి."

"లెటీ, నేను..."

"రోడ్డు చూసి నడుపక్కా. దుప్పి అడ్డొస్తే ఇద్దరం పోతాం."

నవంబర్‌లో మళ్ళీ మూడో మంచు పడింది. లెటీ కూడా అడవికొచ్చింది. మొదటి కొమ్మ పట్టుకుని వంచింది. విరగలేదు, బెరడు చీలి వేలాడింది. ఇంకోటి పట్టుకుంది. మరీ కింద విరిగింది. మూడో చెట్టు దగ్గర కళ్ళు మూసుకుని కొమ్మంతా తడిమింది. తర్వాత చేతులు జేబుల్లో పెట్టుకుంది.

"నేను కుక్కని చూసుకుంటా. మీరు కానివ్వండి."

ఆర్డిస్ షెడ్డు వాళ్ళందరికీ చెప్పింది, పిడుదులు చావవు, రాత్రికి ఒళ్ళు చూసుకోండి అని. "చస్తాయని నేర్పింది నువ్వేగా ఆర్డిస్," అన్నాడొకడు. అందరూ నవ్వారు. పాంటు సాక్సులోకి ఎవరూ దోపుకోలేదు.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర ఆర్డిస్ చెల్లెలి స్వెటర్ ఎత్తింది.

"నేనసలు పొదల్లోకే పోలేదు."

"కదలకు."

దీపం దగ్గరగా పెట్టి వీపంతా వెతికింది. మచ్చ ఉన్న చోటు కూడా ఎక్కడో తెలియలేదు, అంత శుభ్రంగా ఉంది.

"ఏం లేదు," అంది.

"ఇప్పుడేముంటుంది," అంది లెటీ.

అయినా ఆర్డిస్ రోజూ చూస్తూనే ఉంది.

ఫారంలో ఇప్పుడు పన్నెండు నెలలూ ఉన్నాయి. మార్చడానికి నాకు నాలుగు నిమిషాలు పట్టింది. మీకో, మీ ఇంట్లోవాళ్ళకో ఇలా అయ్యుంటే రాయండి. మొదట దాన్ని ఏమనుకున్నారు, దాని మీద ఏం రాశారు, ఎన్నాళ్ళకి తెలిసింది, అన్నీ చదువుతాను. నెల మాత్రం తప్పకుండా రాయండి.