లింబాద్రి రొమ్ము మీద

నేను ఒక వెండి పతకాన్ని. తెల్లదొరల పటాలానికి తోడుగా పోరాడిన ఒక సంస్థానం సిపాయిల కోసం సముద్రాల అవతల నన్ను అచ్చుకొట్టారు. ఒక పక్క సింహం, రెండో పక్క ‘శౌర్యానికి’ అన్న మాట. మనుషులు ముందు చంపుకుంటారు, తర్వాత వెండి పంచుకుంటారు. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

తిరగబడిన ఒక జమీందారు కోట తలుపు బద్దలు కొట్టి, అందరికంటే ముందు లోపలికి దూరినందుకు నన్ను సిపాయి లింబాద్రి రొమ్ముకు గుచ్చారు. ఆ కోట అతని సొంత ఊరి గుట్ట మీదే ఉంది. కొలువు చాలించి అతను ఊరికి వచ్చాక ఒక్కరూ పలకరించలేదు. అతను మాత్రం రోజూ నన్ను తళతళా తోమి, పెట్టుకుని చావడికి వెళ్ళేవాడు. అతన్ని చూడగానే జనం లేచిపోయేవారు. వాళ్ళంటే నాకూ గిట్టేది కాదు.

లేవనిది మల్కవ్వ ఒక్కతే. కోట తలుపు కాడ కావలి ఉండి, ఆ రోజు చచ్చిపోయిన ఎర్రన్న పెళ్ళాం. కనబడిన ప్రతిసారీ అదే అడిగేది.

“నా పెనిమిటిని కాల్చిందెవడు? నువ్వు ఆడనే ఉంటివి గదా?”

“పొగల ఏం కనబడలే మల్కవ్వా.”

రెండేళ్ళు అదే జవాబు. ఒక మధ్యాహ్నం ఆమె అడగలేదు. ఎదురుగా కూర్చుని అతని మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. అతని అరచెయ్యి నన్ను కప్పేసింది.

“తలుపు నేను బద్దలు కొట్టలే,” అన్నాడు లింబాద్రి, చావడి అంతా వినేలా. “అన్నా, తియ్యి, నీ మీద చెయ్యి పడనియ్య అని ఒట్టేసిన. నా గొంతు గుర్తుపట్టి ఎర్రన్ననే తీసిండు. తీసినోడు బతికితే నా పేరెట్లొస్తది? నేనే కాల్చిన.”

ఎవరో రాయి అందుకున్నారు. లింబాద్రి నన్ను ఊడబెరికి ఆమె కాళ్ళ ముందు పెట్టాడు.

మల్కవ్వ నన్ను తీసుకుంది. లేచి వచ్చి, సూది చర్మానికి తగిలేలా మళ్ళీ అతని రొమ్ముకే గుచ్చింది.

“పెట్టుకో. సచ్చేదాంక తియ్యకు. తీస్తివా, ఆ రాయి నేనే ఏస్త.”

పంతొమ్మిదేళ్ళు అతను తీయలేదు. నాగలి పట్టినా నేనున్నాను, జ్వరంతో మూలిగినా నేనున్నాను. పిల్లలు నన్ను చూపించి ఎర్రన్న పేరు చెప్పుకునేవారు. తోమడం మానేశాడు. నేను నల్లబడ్డాను. అతన్ని అసహ్యించుకున్నాను, నన్ను నేను కూడా.

అతను పోయిన రోజు పాడె మోసేవాళ్ళు నన్ను ముట్టుకోవడానికి జంకారు. నడుము వంగిపోయిన మల్కవ్వ వచ్చింది. సూది విప్పింది.

“ఇగ చాలు,” అంది. ఏడవలేదు.

ఇంటికి పోతూ దారిలో నన్ను పెంటకుప్ప మీద పడేసి, చేతులు కడుక్కోవడానికి బావి వైపు నడిచింది.