పేపర్లో లేని తీర్పు

పేపరు చదవడానికి యూనివర్సిటీ దాకా వెళ్ళాలా అని బంగార్రాజు నవ్వాడు. ఆ నవ్వులో సంతోషం లేదు. అక్క రాజ్యం కొడుకు సత్యారావు హైదరాబాదులో జర్నలిజం చదవబోతున్నాడని తెలిసిన రోజు సంగతి అది. బంగార్రాజు థర్డ్ ఫారంలో ఉండగా తండ్రి పోయాడు. పుస్తకాలు అటకెక్కాయి, చేతికి పానా వచ్చింది.

చోడవరంలో బస్సులు ఆగే చోట అతని సైకిలు షాపు. మధ్యాహ్నం అనకాపల్లి బస్సులో నిన్నటి పేపరు దిగుతుంది. పంక్చర్లు పక్కన పెట్టి అతను గొంతెత్తి చదువుతుంటే గోవాడ, బుచ్చయ్యపేట బండివాళ్ళు, సరుకు అమ్ముకోవడానికొచ్చిన ఆడవాళ్ళు చుట్టూ చేరి వినేవారు. వాళ్ళలో అక్షరం ముక్క వచ్చినవాళ్ళు లేరు. ఊళ్ళో పెద్దవాళ్ళెవరూ బంగార్రాజును ఏనాడూ కుర్చీ వేసి కూర్చోమనలేదు గానీ, ఆ కాసేపు మాత్రం అతని మాటకు ఎదురులేదు.

కొత్త రాష్ట్రం ఏర్పడ్డ మరుసటి వేసవిలో సత్యారావు సెలవులకు వచ్చాడు. మేష్టారు ఒక పని అప్పజెప్పారట. ఒక వార్త కాగితం మీంచి బయలుదేరి జనం చెవిలో పడేదాకా ఎలా ప్రయాణం చేస్తుందో చూసి రాయాలి. అందుకని మేనమామ షాపులో పీట వేసుకుని కూర్చుని, బాగా గుర్తున్న వార్త ఏదని వినేవాళ్ళను ఒక్కొక్కరినే అడగసాగాడు. ఢిల్లీ సంగతులు ఎవరూ ఎత్తలేదు. అందరూ చెప్పింది యలమంచిలి పైడితల్లి కేసు గురించే. మొగుడు పోయిన మనిషి, మరుదులు పొలం నొక్కేస్తే కోర్టుకెక్కి, వాయిదా వాయిదాకీ వాళ్ళ నోరు మూయించి, చివరికి గెలిచింది.

బంగార్రాజు ట్యూబుకు గాలి కొడుతూ తల ఎత్తలేదు.

నిజానికి పేపర్లో వచ్చింది నాలుగు లైన్లు. ఆమె కేసు వేసిందన్నంత వరకే. ఆ తరువాత పేపరు ఆ ఊసే ఎత్తలేదు. వినేవాళ్ళు ఊరుకుంటారా? ఆయమ్మ సంగతి ఏటయిందని రోజూ అడిగేవారు. రాలేదని ఎన్నాళ్ళు చెప్తాడు? ఒకరోజు వాయిదా పడిందన్నాడు. ఇంకొకరోజు బోనులో మరిది నీళ్ళు నమిలాడన్నాడు. అలా నడిపించి నడిపించి కిందటి నెలలో తీర్పు కూడా ఇచ్చేశాడు. ఆ రోజు బండివాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఆ తీర్పును నిజంగా పట్టుకున్న మనిషి అచ్చియ్యమ్మ. వేరుశనక్కాయలు వేయించి అమ్ముకుంటుంది. ఆమెకూ మొగుడు లేడు. ఆమె చెరకు మడినీ బావగారే దున్నుకుంటున్నాడు. ఇన్నేళ్ళూ నోరెత్తని మనిషి, పైడితల్లి గెలిచిందని విన్నాక, భూమి వదులుకున్నట్టు కాగితం మీద వేలిముద్ర వెయ్యనని బావగారి మొహానే చెప్పి వచ్చింది.

ఒక మధ్యాహ్నం ఆమె గంప దించి బంగార్రాజు ముందు నిలబడింది. గణపతిరావు ప్లీడరు దగ్గరికి వెళ్ళిందట. యలమంచిలి ఆమె ఏ పాయింటు మీద గెలిచిందో చూస్తాను, ఆ పేపరు పట్టుకు రమ్మన్నాడట.

“పాత పేపర్లన్నీ నాకే ఇచ్చేత్తావు కదన్నా, పొట్లాలకి,” అంది. “ఇల్లంతా ఎతికేసేను. ఆ కాయితం నా సేత్తోనే సింపేసి ఎవుడికో కాయలు కట్టిచ్చేసేను. నా కరమ కాపోతే ఏటి?” అని, సత్యారావు వైపు తిరిగింది. “నువ్వు పేపరు సదువే సదువుతన్నావు గదా బాబూ. ఆపీసుకి రాస్తే ఇంకోటి పంపరా?”

సత్యారావు రాస్తానన్నాడు. అది ఏ తారీకు పేపరని మేనమామను అడిగాడు. బంగార్రాజు గుర్తు లేదన్నాడు. ఆమె గంప ఎత్తుకుని వెళ్ళిపోయేదాకా ఆగి, మేనల్లుడి మొహం చూడకుండా, “ఏ తారీకూ నేదు,” అన్నాడు.

సత్యారావుకు అప్పుడు అర్థమైంది. వార్తకు సొంతంగా ఒక్క ముక్క చేర్చినా తప్పేనని తమకు మొదటిరోజే చెప్పారని మాత్రం మెల్లిగా అన్నాడు.

“మీకు సెప్పేరు. నాకెవుడు సెప్పేడ్రా?” బంగార్రాజు పానా కింద పడేశాడు. “మొదలెట్టింది ఆ పేపరోడు. ఆ మనిషిని కోర్టు మెట్ల మీద నిలబెట్టి ఆడు కూటికెల్లిపోనాడు. ఈళ్ళు నన్నడిగేరు గానీ ఆణ్ణడిగేరా?”

మేనల్లుడు పీట మీంచి లేచాడు. రేపు యలమంచిలి వెళ్దాం మావా అన్నాడు.

అనకాపల్లి దాకా బస్సు, అక్కడ నుంచి రైలు. పైడితల్లి ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. కేసు ఎప్పుడో అయిపోయిందంది. రెండో వాయిదాకే పెద్దలు కూర్చోబెట్టి రాజీ చేశారు. పల్లపు భూమి మరుదులకి, ఇంటి వెనక మెట్ట చెక్కా, రెండు తాడిచెట్లూ ఆమెకి. ఇంతకీ తన సంగతి మీకెలా తెలుసని అడిగింది. బంగార్రాజు తల వంచుకుని, అచ్చియ్యమ్మ సంగతితో సహా జరిగింది చెప్పాడు. దులిపేస్తుందనుకున్నాడు. ఆమె చింతపండు పక్కకు జరిపింది.

“మీ ఊర్లో నేను గెల్సేనా?”

“గెల్సేవమ్మా.”

“ఎలా గెల్సేనో సెప్పండి.”

అతను చెప్పాడు. షాపులో చెప్పినంత జోరుగా కాదు గానీ, ఏదీ విడిచిపెట్టలేదు. ఆమె మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని వింది. మరిది నీళ్ళు నమిలిన చోట నవ్వింది. తీర్పు దగ్గరకు వచ్చేసరికి కొంగుతో మొహం తుడుచుకుంది. సత్యారావు జేబులోంచి కలం తియ్యలేదు.

“మా ప్లీడరు రాజీ పడొద్దనే అన్నాడు. నాకే బయ్యమేసి రాజీ కాయితం మీద ఏలు ఒత్తేసేను,” అంది చివరికి. “ఆయమ్మకి ఈ మాట సెప్పండి.”

మర్నాడు అందరూ ఉండగానే బంగార్రాజు తను చేసిందీ, పైడితల్లి చెప్పమన్న మాటా చెప్పేశాడు. చేతిలో పేపరు లేకుండా అతను మాట్లాడటం వాళ్ళు చూడటం అదే మొదలు. కొందరు నవ్వారు. ఒక ముసలాయన, తను కొట్టిన చప్పట్లు తిరిగి ఇచ్చెయ్యమన్నాడు. అచ్చియ్యమ్మ నవ్వలేదు, తిట్టలేదు. అంతా విని సత్యారావు వైపు చూసింది.

“నిజవేనా బాబూ?”

నిజమేనన్నాడు. తన మాటకు ఇంకొకరి సాక్ష్యం కావలసిరావడం బంగార్రాజుకు చెంపదెబ్బలా తగిలింది.

“అయితే నేను ఏలు ఒత్తను,” అంది అచ్చియ్యమ్మ. పేపరు లేకుండానే ప్లీడరు దగ్గరికి వెళ్ళింది. వేసవి అయ్యాక కోర్టు తెరవగానే కేసు వేసింది.

సత్యారావు హైదరాబాదు వెళ్ళిపోయాడు. రాసింది ఇంగ్లీషులో ఉంది గనక చదివి వినిపించలేదు. మావ పేరు మాత్రం అందులో పెట్టలేదన్నాడు. పేరు పెట్టకపోవడం మర్యాద అనుకోవాలో, చిన్నతనం అనుకోవాలో బంగార్రాజుకు తేలలేదు.

మధ్యాహ్నం బస్సు వస్తుంది, పేపరు దిగుతుంది, జనం కూర్చుంటారు. మునుపటంత మంది కాదు. ఒక్కో వార్త అయ్యాక అచ్చియ్యమ్మ ముందుకు వంగుతుంది.

“అందులో ఉందా అన్నా?”

బంగార్రాజు పేపరు ఆమె వైపు తిప్పి, గ్రీజు వేలితో ఆ లైను చూపిస్తాడు. ఆమె దాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా నెమ్మదిగా చూస్తుంది. ఒక్క అక్షరం రాదు. అయినా పూర్తిగా చూసి, అప్పుడు తరువాతది చదవమంటుంది.