చిరిగిన అట్టు

మా అమ్మ సీతారావమ్మకు కోపం వస్తే అరవదు, మర్యాద పెంచుతుంది. నేను ఆస్ట్రియా అబ్బాయి లుకాస్‌ను పెళ్ళి చేసుకుని మొదటిసారి నరసరావుపేట తీసుకొస్తే, ఆ మర్యాదతోనే మమ్మల్ని చంపుకుతింది. అతనితో ఒక్క మాట లేదు. అతను ఎదురుగానే కూర్చున్నా, "వారిని పెరుగు వేసుకోమనవే" అని నాతో చెప్పేది. ఒక్కసారి అతని మొహం చూసి పలకరిస్తే చాలని నా ఆశ.

ఆ ఆదివారం లుకాస్ వాళ్ళ దేశపు అట్టు చేస్తానన్నాడు. పేరు కైజర్‌ష్మార్న్. చక్రవర్తులు తిన్న అట్టట. మైదా, పాలు, పంచదార, నురగ వచ్చేదాకా గిలక్కొట్టిన గుడ్లు. అక్కడ ప్లమ్ పళ్ళు ఉడికించి నంజుకుంటారు. మాకు దొరికినవి నేరేడు పళ్ళు, వాటినే గింజలు తీసి ఉడికించాను. అమ్మ గుమ్మంలో చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది.

అట్టు పెనం నిండా దిండులా పొంగింది. అమ్మ కళ్ళలో కాస్త మెచ్చుకోలు కనిపించింది. అంతలో లుకాస్ రెండు ఫోర్కులు తీసుకుని దాన్ని ముక్కలు ముక్కలుగా చీల్చేశాడు. అలా చీల్చి, వెన్నలో వేయించి, పంచదార పొడి చల్లడమే వాళ్ళ పద్ధతి.

అమ్మకు అదేం తెలుసు? తిప్పబోయి చింపేశాడనుకుంది. మా ఇంట్లో చిరిగిన అట్టు మగవాళ్ళ కంచం దాకా పోదు. వేసినావిడే వంటింట్లో నిలబడి తినేస్తుంది. కాపురానికొచ్చిన నాటి నుంచి అమ్మ తింటున్నవి అవే. గబుక్కున వచ్చి, వసారాలో ఉన్న నాన్న కంట పడకుండా వంటింటి తలుపు దగ్గరగా వేసింది.

"అది కాదమ్మా..."

"నువ్వూరుకోవే."

నాన్న ఆగే మనిషా! తలుపు తోసుకుని వచ్చి పెనంలోకి తొంగిచూశాడు.

"ఏందిది? అల్లుడు అట్టు పోశాడా, ఉతికి ఆరేశాడా?"

"అబ్బాయినేమీ అనమాకండి," అంది అమ్మ. "చానా బాగా పొంగింది. నేనే మధ్యలో దూరి అట్లకాడ పెట్టా, చిరిగింది."

నాన్న వెనక్కి తిరిగి వసారాలోకి వెళ్ళిపోయాడు. అసలు సంగతి నేను చెబితే ఆ అబద్ధం వృథా అయిపోతుంది. నాకు ఏడుపొచ్చేసింది.

అమ్మ పళ్ళెంలో ముక్కలు పెట్టి, పక్కన నేరేడు పళ్ళు వేసి, లుకాస్ చేతికి తనే అందించింది. నా వైపు తిరగలేదు. అతని మొహంలోకే చూసింది.

"తిను నాయనా. కొత్తలో నాకూ ఇట్టాగే చిరిగేయి."